నా మొహం తప్పు, కార్డు ఒప్పు

నా మొహం తప్పు, కార్డు ఒప్పు. ఈ మాట నేను అంటున్నది కాదు. ఇనుప కొండ కింద గుర్తింపు కార్డుల గదిలో కూర్చున్న గుమాస్తా నన్నూ నా కార్డునూ పక్కపక్కన పెట్టి చూసి, టీ చల్లారకుండా తాగుతూ ఇచ్చిన తీర్పు. దొంగతనం చేసినవాడికైనా పైకోర్టు ఉంటుంది. తప్పుడు మొహం ఉన్నవాడికి ఏ కోర్టూ లేదని నాకు ఆ రోజే తెలిసింది. అప్పటినుంచి, నల్లజుట్టు తెల్లబడి ఆ తెల్లజుట్టు కూడా చాలావరకు రాలిపోయేదాకా, నేను ఆ తీర్పు మీద అప్పీలు చేస్తూనే ఉన్నాను. మొన్న జవాబు వచ్చింది. అదేమిటో చివర్లో చెబుతాను. ఇప్పుడే చెబితే మీరు నవ్వుకుని లేచిపోతారు, నా కష్టం వినేవాళ్లుండరు.

ఆ రోజుల్లో మనిషిని గుర్తుపట్టడానికి పక్కన ఇంకో మనిషి ఉంటే సరిపోయేది. మరైగూడ దగ్గర మా పల్లెలో చీకట్లో ఎవరైనా దగ్గితే చాలు, ఫలానా ఇంటివాడు, నిన్న చేపల పులుసు తిన్నాడు అని కూడా చెప్పేవాళ్లు. అక్కడినుంచి బస్తరు కొండల్లోకి, ఇనుపరాయి తవ్వే కంపెనీలో కూలికి వచ్చినప్పుడు నా మెడలో ఒక ఇత్తడి బిళ్ల వేశారు. దాని మీద నంబరు ఉండేది. గేటు దగ్గర చౌకీదారు బిళ్లను చూసేవాడే గాని అది ఎవరి మెడలో ఉందో చూసేవాడు కాదు. నాకు జ్వరం వస్తే నా బిళ్ల వేసుకుని నా గదిలోవాడు పనికి వెళ్లేవాడు. వాడికి సంతలో కోడిపందెం ఉంటే వాడి బిళ్ల వేసుకుని నేను వెళ్లేవాణ్ణి. (ఒకసారి పొద్దున ఒకడి మెడలో కొండెక్కిన బిళ్ల సాయంత్రం ఇంకొకడి మెడలో దిగింది. మధ్యలో ఏం జరిగిందో కంపెనీ అడగలేదు. రాయి మాత్రం తవ్వినంతా తవ్వినట్టే ఉంది.) ఎవరికీ నష్టం లేని ఏర్పాటు. అట్లాంటి ఏర్పాటు ఎక్కువ రోజులు నిలవదు.

కొండ మీద రాయిని పేల్చే మందు పెద్ద గోదాములో పెట్టడం మొదలయ్యాక, కాపలాకు కేంద్రం నుంచి బందూకు జవాన్లు వచ్చారు. ముసలి చౌకీదారు స్టూలు పోయి ఆ చోట ఇనుప గేటు లేచింది. జవాన్లకు అప్పటికే తలా ఒక ఫోటో కార్డు ఉంది, జేబుకు తగిలించుకుని తిరిగేవాళ్లు. ఇకమీదట కూలీ దగ్గరనుంచి ఇంజనీరు దాకా అందరికీ అట్లాంటి కార్డే ఉండాలని, కార్డు ఉన్నవాళ్లనే పర్మనెంటు చేస్తామని, లేనివాళ్లు వచ్చిన దారినే పోవచ్చని హిందీలో నోటీసు అంటించారు. దాన్ని మా బారకులో అందరికీ చదివి వినిపించింది నేనే. బడి మొహం చూసినవాణ్ణి కాను. సంతలో ఉప్పూ బెల్లం కట్టిచ్చిన పొట్లాలు విప్పి, ఆ కాగితాల మీద తెలుగు నేర్చుకున్నాను. హిందీ లారీల వెనక రాతల నుంచి నేర్చుకున్నాను. (అందుకే నా హిందీ వింటే వెనక ఎవరో హారను కొట్టినట్టుంటుందని మా ఆవిడ అంటుంది.)

కార్డు అంటే ఫోటో ఒక్కటే కాదు. ఫోటో కింద రెండు గుర్తింపు చిహ్నాలు రాయాలి. పుట్టుమచ్చో, గాయం మచ్చో, ఏదో ఒకటి పైకి కనిపించేది. రాయడానికి వచ్చిన గుమాస్తాకు మేం పెట్టుకున్న పేరు పుట్టుమచ్చల బాబు. పాపం మంచివాడే, కానీ రూలు అంటే ప్రాణం. పశువుల సంతలో బేరగాడు ఎద్దు పళ్లు చూసినట్టు మనిషి గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసేవాడు. అడవిలో పుట్టి పెరిగిన జనం, వాళ్లకు మచ్చలకు కొదవేమిటి? ఒకడికి గొడ్డలి జారిన గీత, ఒకడికి ఎద్దు కుమ్మిన గుంట, ఒకడికి చెట్టు మీదనుంచి పడి పగిలిన కనుబొమ్మ. నా గదిలోవాడిది తర్రెం అనే ఊరు. చిన్నప్పుడు ఇప్పపూలు ఏరుతుంటే ఎలుగుబంటి వచ్చి మొహం మీద పంజా విసిరింది. అందుకే వాణ్ణి అందరూ ఎలుగు అనే పిలిచేవాళ్లు. వాణ్ణి చూడగానే బాబు కళ్లు మెరిశాయి.

"రెండు చాలు, మిగతావి రాయడానికి చోటు లేదు" అన్నాడు.

"మిగిలినయి ఈ పిల్లగానికి రాయి బాబూ" అన్నాడు ఎలుగు నన్ను ముందుకు తోస్తూ. "ఈనికి ఒక్కటి గూడ లేదు. మొహం సూడు, కడిగిన పళ్లెం లెక్కున్నది."

అది నిజమే. ముందు నలుగురు పిల్లలు దక్కక నేను దక్కానని మా అమ్మ నన్ను చెట్టెక్కనీయలేదు, గొడ్డలి పట్టనీయలేదు, ఎలుగుబంటి తిరిగే తోవలో నడవనీయలేదు. ఒక తల్లి తన బిడ్డను ఇంత శుభ్రంగా పెంచితే సర్కారు ఇట్లా శిక్షిస్తుందని ఎవరికి తెలుసు? జబ్బ మీద టీకా మచ్చ చూపించాను. "అది అందరికీ ఉంటుంది, చెల్లదు" అన్నాడు బాబు. కాలి వేలి గోరు వంకర చూపించాను. "గేటు దగ్గర చెప్పు విప్పుతావా రోజూ?" అన్నాడు. రేపే ఫోటోలు ఆఖరు, ఆలోగా ఏదైనా మచ్చ వెతుక్కుని రమ్మన్నాడు. పోగొట్టుకున్న మేక కాదు గదా వెతకడానికి!

నాకు ఆ కార్డు ఎందుకంత అవసరమో చెప్పాలి. మా మేనమామది ఉసూర్ అనే ఊరు. ఆయనకు ఒక్కతే కూతురు, నాకంటే మూడు పండగలు చిన్నది, పుట్టినప్పటినుంచీ నాకే అనుకున్న పిల్ల. అనుకున్నది మా అమ్మా, నేనూ. ఆ ఏడు అడవి శాఖ గార్డు ఒకడు మామ ఇంటి చుట్టూ సైకిలు తిప్పడం మొదలుపెట్టాడు. ఖాకీ చొక్కా, నడుముకు మెరిసే ఇత్తడి బకిలున్న బెల్టు. (ఆ బెల్టును నేను ఇప్పటికీ క్షమించలేదు.) నేను పండక్కి పోయినప్పుడు మామ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, బీడీ ముట్టించి, ఉన్నమాట చెప్పేశాడు.

"ఏందిరా అల్లుడా, గార్డుకు బెల్టున్నది, సైకిలున్నది, సర్కారు నౌకరున్నది. నీకేమున్నది? మెడల బిళ్ల. బిళ్ల మా దున్నపోతుకు గూడ ఉన్నది."

"కార్డు ఇస్తరంట మామా. పర్మనెంటు చేస్తరంట."

"ఇస్తరంటే కాదు. ఇయ్యాలె. ఆ కార్డు పట్టుకోని నువ్వు గేటు దాటంగ నేను నా కండ్లతోని సూడాలె. అప్పుడు పిల్లనిస్త. లేకుంటే గార్డుకు మాటిచ్చేస్త."

ఇంటి లోపల చేట చప్పుడు ఆగింది. ఆ తరవాత గుమ్మం వెనకనుంచి ఒక గొంతు వచ్చింది: "ఫోటో దిగేటప్పుడు మంచిగ దిగు బావా. ఎప్పటి లెక్క నోరు తెరవకు."

అదీ సంగతి. ఇక మచ్చ దగ్గరికి వద్దాం. ఆ సాయంత్రం ఎలుగు దగ్గర ఉపాయాలకు లోటు లేదు. కత్తితో చిన్న గీత గీస్తానన్నాడు, నాకు నెత్తురు చూస్తే కళ్లు తిరుగుతాయి. కుక్కతో కరిపించుకోమన్నాడు. ఆఖరికి తన సంచిలోంచి ఒక నల్లజీడి గింజ తీశాడు. మా వైపు అది ప్రతి ఇంట్లో ఉండే సరుకు. ఎద్దు కాలు బెణికినా, అరికాలు పగిలినా, చాకలి బట్టకు గుర్తు పెట్టాలన్నా అదే. గింజకు సూది గుచ్చి దీపం సెగ చూపిస్తే నల్లటి నూనె చుక్క బయటికి వస్తుంది. ఆ చుక్క పడ్డ గుడ్డ చిరిగిపోతుందే గాని మరక పోదు.

"ఒక్క సుక్క పెడితే పుట్టుమచ్చే. నీ మనుమలు గూడ సూస్తరు" అన్నాడు ఎలుగు.

నాకు అది గొప్పగా తోచింది. జీడిని గుడ్డకు పెడతారు, ఎద్దుకు పెడతారు, అరికాలికి పెడతారు గాని బుగ్గకు పెట్టరు, దానికేదో కారణం ఉండాలి అన్న సంగతి మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఎడమ చెంప మీద చక్కగా ఒక చుక్క పెట్టాడు. అద్దంలో చూసుకుంటే రాజకుమారుడిలా ఉన్నాననిపించింది. గార్డు బెల్టును తలుచుకుని నవ్వుకుంటూ పడుకున్నాను.

పొద్దున లేచేసరికి నాకు తెల్లారలేదు. కళ్లు తెరుచుకుంటే గదా తెల్లారేది. చేత్తో తడిమి చూసుకుంటే నా మొహం ఉండవలసిన చోట ఎవరిదో పెద్ద మొహం ఉంది. చెంపలు రెండూ పొంగి వచ్చి ముక్కును మధ్యలో నొక్కేశాయి. పెదవి ఒకటి పడమటికి తిరిగింది. ఎలుగు నన్ను చూసి ఒక అడుగు వెనక్కి వేసి, "నన్ను కొట్టిన ఎలుగుబంటి గూడ నీకంటే సక్కగున్నదిరా" అన్నాడు. అంతా వాడి చేతి చలవే, అయినా ఆ మాట అనడానికి వాడికి నోరు వచ్చింది.

ఆ రోజే ఫోటోలు ఆఖరు. ఎలుగు నన్ను చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయి తెల్లదుప్పటి ముందు కూర్చోబెట్టాడు. ఫోటోగ్రాఫరు నల్లగుడ్డలోంచి తల బయటపెట్టి, నన్ను చూసి మళ్లీ లోపల పెట్టేసి, కాసేపు రాలేదు. తరవాత "కళ్లు తెరువు" అన్నాడు. "తెరిచే ఉన్నాయి" అన్నాను. పుట్టుమచ్చల బాబు మాత్రం పండగ చేసుకున్నాడు. నా గడ్డం పట్టుకుని తిప్పి, "చూశావా, వెతికితే దొరుకుతుంది" అని మెచ్చుకుని మొదటి గుర్తు రాసుకున్నాడు: ఎడమ చెంపపై నల్లమచ్చ. రెండోది ఏమిటని నేను బెంగపడుతుంటే, ఆయన అప్పటికే రాసేశాడు: ఉబ్బిన బుగ్గలు.

కార్డులు చేతికి రావడానికి పట్టిన రోజుల్లో నా మొహం నా దగ్గరికి తిరిగి వచ్చింది. వాపు దిగింది. మచ్చ పొట్టుగా ఎండి, ఒకనాడు అన్నంలో రాలిపోయింది. ఎలుగు చెప్పిన మనవలు దాన్ని చూసే యోగం లేకపోయింది. కార్డులు పంచేనాడు బిళ్ల ఇచ్చి కార్డు తీసుకోవడమే, ఎవరూ మొహం చూడలేదు. గాజు కాగితం అతికించిన కార్డు, మూడు సింహాల ముద్ర, పక్కన సబ్బు నురగలోంచి అప్పుడే లేచినట్టున్న ఒక మనిషి. పేరు నాది. మొహం ఎవరిదో.

మర్నాడు గేటు దగ్గర మీసాల హవల్దారు కార్డు చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ కార్డు చూశాడు. ఆయన మీసాలు రెండు పక్కలా చెవుల దాకా పోయి అక్కడ విశ్రాంతి తీసుకునేవి. "యే కౌన్ హై?" అన్నాడు, ఈ ఫోటోలోవాడు ఎవడని. "నేనే" అన్నాను. "అయితే నువ్వెవరు?" అన్నాడు. ఆ ప్రశ్నకు పెద్ద పెద్ద సాధువుల దగ్గరే జవాబు లేదు, నా దగ్గర ఎక్కడుంటుంది? వెనక్కి తిప్పి పంపాడు. నేను రొప్పుతూ కార్డుల గదికి పోయి జరిగిందంతా చెప్పాను, జీడి సంగతి తప్ప. అప్పుడు వచ్చింది ఆ తీర్పు.

"కార్డులో తప్పేమీ లేదు. మచ్చ అన్నాను, ఫోటోలో మచ్చ ఉంది. ఉబ్బిన బుగ్గలు అని రాశాను, ఉబ్బే ఉన్నాయి. కార్డు ఒప్పు. నీ మొహమే తప్పు."

"కొత్త కార్డు ఇవ్వండి బాబూ."

"మనిషికి ఒక్క కార్డే. పో, మొహం సరిచేసుకుని రా."

సరే, సరిచేసుకున్నాను. అది ఉసిరికాయల కాలం. బుగ్గకొక పెద్ద ఉసిరికాయ పెట్టుకుని, ఎడమ చెంప మీద దీపం మసితో చుక్క పెట్టుకుని, కళ్లు సగం మూసుకుని గేటు దగ్గరికి పోయాను. హవల్దారు కార్డు చూసి, నన్ను చూసి, నమ్మలేక నమ్మలేక వదిలాడు. అట్లా కొన్నాళ్లు పొద్దున్నే పులుపు నంజుకుంటూ కొండెక్కాను. వేరేవాడి మొహం దొంగిలించేవాళ్లను చూశాం గాని, తన మొహాన్ని తానే దొంగచాటుగా లోపలికి తీసుకుపోయినవాణ్ణి నన్నొక్కణ్ణే చూశాను. (పళ్లు మాత్రం ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. ఆ ఉసిరికాయల పుణ్యమే అనుకుంటాను.) ఇబ్బంది ఒక్కటే, నోరు తెరవడానికి లేదు. ఏమడిగినా "ఊఁ" అనేవాణ్ణి. హవల్దారుకు నేను మూగవాణ్ణో, గర్విష్ఠినో అర్థం కాలేదు.

సంతరోజు వచ్చింది. మామ రెండు పుంజుల్ని చంకల్లో పెట్టుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని ఉసూర్ నుంచి దిగాడు. పుంజులు అమ్మడానికి, నన్ను చూడడానికి. తిన్నగా గేటు పక్కన వచ్చి నిలబడ్డాడు. వెనక ఆ పిల్ల, తలలో అడవి పూలు, చేతిలో తాటాకు బుట్ట. నేను వరసలో ఉన్నాను, రెండు బుగ్గల్లో రెండు ఉసిరికాయలతో. "అల్లుడా!" అని మామ కేక వేశాడు. నేను "ఊఁ" అన్నాను. "ఏందిరా, మొహమట్ల ఉబ్బింది? తిండి మంచిగ పెడుతున్నరా?" అన్నాడు. నేను మళ్లీ "ఊఁ" అన్నాను. ఆ పిల్ల నా వంక తేరిపార చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ రోజు హవల్దారుకు ఏ అనుమానం పుట్టిందో, "నామ్ బోల్" అన్నాడు. పేరు చెప్పమని. నేను కార్డు మీది పేరు వేలితో చూపించాను. "నోటితో చెప్పు." నేను ఆకాశం వైపు చూశాను. ఆయన లాఠీ కొన మెల్లగా తెచ్చి నా కుడి బుగ్గ మీద ఆనించి నొక్కాడు. ఉసిరికాయ ఒకటి టప్పున బయటికి దూకి, మట్టిలో దొర్లుకుంటూ పోయి మామ కాళ్ల దగ్గర ఆగింది. రెండోది ఎవరూ నొక్కకుండానే దాని వెంట పోయింది. హవల్దారు బొటనవేలితో నా చెంప తుడిచాడు. పుట్టుమచ్చ ఆయన వేలికి వచ్చేసింది.

ఆయన నవ్వలేదు. కొండ మీద మందుగుండు గోదాము, కింద దొంగ కార్డుతో మొహం మార్చుకున్నవాడు. అది నవ్వే విషయం కాదని ఆయన మీసాలు చెప్పాయి. "నకిలీ ఆద్మీ. పోలీసు థానాకు పంపాలి" అన్నాడు. ఇద్దరు జవాన్లు చెరో రెక్క పట్టుకున్నారు. నౌకరీ పోతుంది, పిల్ల పోతుంది, ఆ పైన జైలు.

"సారూ, ఆడు మంచోడే, నా మేనల్లుడే" అన్నాడు మామ.

"ఇంటివాళ్లు చెప్పాలి. తండ్రి, అన్న, పెళ్లాం. మేనమామ చెల్లదు. రూలు." (టీకా మచ్చ చెల్లదు, మేనమామ చెల్లడు. చెల్లేవేవీ దేవుడు నాకు ఇవ్వలేదు.)

మామ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆయన కళ్లలో ఇత్తడి బకిలు మెరవడం నాకు స్పష్టంగా కనిపించింది. సరిగ్గా అప్పుడు ఆ పిల్ల తాటాకు బుట్ట కింద పెట్టి, మామను మోచేత్తో పక్కకు జరిపి, హవల్దారు ఎదురుగా వచ్చి నిలబడింది.

"నేను ఇంటిమనిషిని. రాస్కో."

"నీకేమవుతాడు?"

"మొగుడు."

మామ చంక వదులైంది. పుంజు ఒకటి ఎగిరి, రెక్కలు కొట్టుకుంటూ గేటు దాటి దర్జాగా లోపలికి పోయింది. (కార్డు లేని కోడి లోపల, కార్డు ఉన్న నేను బయట. నా జీవితంలో న్యాయం ఎప్పుడూ ఇట్లాగే నడిచింది.) "ఏందే నువ్వనేది?" అని మామ అరిచాడు. ఆ పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు. హవల్దారు నా కార్డు ఆమె చేతికిచ్చాడు. "అయితే చూసి చెప్పు. ఫోటోలో ఉన్నది ఇతనేనా?"

ఆ కార్డును ఆమె అంతకు ముందు చూడలేదు. చూసింది. పై పెదవి లోపలికి లాక్కుంది. బుగ్గ కొరుక్కుంది. ఆ క్షణంలో ఆమె నవ్వితే నేను జైల్లో ఉండేవాణ్ణి. మొహం బిగించి, కార్డును హవల్దారు మీసాల ముందు పెట్టి అన్నది:

"ఈయనే. పొద్దుగాల లేవంగనే ఇట్లనే ఉంటడు."

ముందు ఎలుగు నవ్వాడు. తరవాత వరస నవ్వింది, నా రెక్కలు పట్టుకున్న జవాన్లు నవ్వారు. ఆఖరున హవల్దారు మీసాలు చెవుల దగ్గరనుంచి లేచి కదిలాయి. "మా ఇంట్లో కూడా ఇదే మాట అంటుంది" అని హిందీలో గొణిగి, జేబులోంచి కలం తీసి, కార్డు వెనక రాశాడు: భార్య గుర్తుపట్టింది, లోనికి వదలవచ్చు. కింద సంతకం, పైన ముద్ర. మామ మాత్రం నవ్వలేదు. గేటు ముందు అంతమంది విన్నాక ఇక గార్డుకు మాటివ్వడానికి ఆయనకు నోరు లేకుండా పోయింది. మట్టిలో పడ్డ ఉసిరికాయను కాలితో తన్ని, "ఆ కోడిని పట్టుకరారా అల్లుడా, పెండ్లికి పనికొస్తది" అన్నాడు.

ఆ ముద్రతో నా నౌకరీ అంతా నడిచింది. జవాన్లు మారేవాళ్లు, ఎక్కడెక్కడినుంచో కొత్తవాళ్లు వచ్చేవాళ్లు. ప్రతివాడూ కార్డు చూసి అనుమానపడి, వెనక్కి తిప్పి చదివి, "భార్య ఏదీ?" అనేవాడు. "ఇంట్లో ఉంది, కావాలంటే వచ్చి మళ్లీ గుర్తుపడుతుంది" అనేవాణ్ణి. అయినా నా కడుపులో మంట మంటే. ఏటా ఒక దరఖాస్తు: అయ్యా, నా మొహం తప్పు కాదు, కార్డే తప్పు, ఫోటో మార్చండి. లారీ హిందీలో మొదలుపెట్టి పుస్తకాల హిందీలోకి ఎదిగానంటే ఈ దరఖాస్తుల వల్లే. మా ఆవిడ మాత్రం ఆ దరఖాస్తుల మీద చింతపండు ఎండబెట్టేది. "నన్ను పెండ్లి చేస్కున్నది ఆ ఉబ్బు మొహపోడు, నువ్వు కాదు" అనేది.

రిటైరయ్యాక చిప్పు కార్డులు వచ్చాయి. ఇప్పుడు జవాను దగ్గరనుంచి పెద్ద ఆఫీసరు దాకా అందరి మెడల్లో అవే. గోడకు తగిలించిన పెట్టెకు చూపిస్తే కుయ్‌మంటుంది. మా పాత ఉద్యోగులకు కంపెనీ ఆస్పత్రి మందులకు కూడా అదే కార్డు. ఇంతకాలానికి సర్కారుకు తెలివి వచ్చింది, నన్ను పిలిచి కొత్త ఫోటో తీస్తారని చొక్కా ఇస్త్రీ చేయించి కూర్చున్నాను. ఎవరూ పిలవలేదు. కంప్యూటరులో పాత రికార్డు నుంచి ఎక్కించి, కవరులో పెట్టి ఇంటికి పంపారు. విప్పి చూస్తే నున్నటి ప్లాస్టిక్, బంగారు రంగు చిప్పు, పక్కన వాడే. సబ్బు నురగలోంచి లేచినవాడు. అప్పట్లో నలుపు తెలుపు, ఇప్పుడు మరింత స్పష్టం. వెనకవైపు చూశాను. హవల్దారు రాత లేదు. భార్య గుర్తుపట్టిన సంగతి చిప్పులో ఎక్కించలేదట.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రాత్రే కూర్చుని దరఖాస్తు మొదలుపెట్టాను. మొదటినుంచి జరిగిన అన్యాయమంతా వివరంగా, ఈసారి జీడి సంగతి కూడా దాచకుండా రాశాను. మా ఆవిడ కొంగు తడిపి నా ఎడమ చెంప తుడుస్తూ, "ఈ మసి పోతలేదేంది?" అన్నది. "రాసేటప్పుడు కదిలించకు" అన్నాను. "డాక్టరు ఉప్పు తగ్గియ్యమన్నడు గదా, తగ్గిస్తివా? మందులతోని మొహం ఎట్లయిందో ఒక్కసారి అద్దంల సూస్కోని రాయి" అన్నది. నాకు తీరిక లేదన్నాను. ఆమె అదోలా నవ్వి దీపం ఎత్తి పెట్టింది. ఆ నవ్వు గేటు దగ్గర బుగ్గ కొరుక్కుని ఆపుకున్న నవ్వే. ఇన్నేళ్లూ దాన్ని అట్లాగే దాచిపెట్టుకుందన్నమాట. మర్నాడు సంత బజారులో తాజాగా ఫోటో తీయించి, సాక్ష్యంగా దరఖాస్తుకు పిన్ను పెట్టి పంపాను.

జవాబు రావడానికి వానాకాలం దాటింది. హిందీలో టైపు చేసి, గుండ్రటి ముద్ర వేసి పంపారు. మా ఆవిడకు తెలుగులో చదివి వినిపించాను, మధ్యలో ఒకచోట ఆపి అద్దం తెమ్మని అడగక తప్పలేదు. ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తున్నాను:

"మీ దరఖాస్తు పరిశీలించబడినది. మీరు జతపరచిన తాజా ఫోటోను రికార్డులోని ఫోటోతో సరిపోల్చగా, ఎడమ చెంపపై నల్లమచ్చ, ఉబ్బిన బుగ్గలు, రెండు గుర్తింపు చిహ్నాలూ పూర్తిగా సరిపోయినవి. కార్డులో మార్పు అవసరం కనబడుట లేదు."